అయ్యగారు వదిలేసిన మాట

అర్జునరావు అయ్యగారి గొంతు మంచిది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. వన్ టౌన్‌లో కొండవాలున ఉన్న ఆ చిన్న క్రైస్తవ గుడిలో మైకు లేదు, అక్కర్లేదు కూడా. ఆయన పీఠం ఎక్కి నోరు తెరిస్తే కింద వీధిలో ఉల్లిపాయల బస్తాలు దించే కూలీలు సైతం కాసేపు ఆగి వినేవారు. రాజుల ముఖం మీదే తప్పు చెప్పిన ప్రవక్తల గురించి ఆయన ప్రసంగిస్తుంటే, వెనక గోడకు చేరగిలబడ్డ ముసలివాళ్లు సర్దుకుని నిటారుగా కూర్చునేవారు. ఆ రాజులందరూ ఎప్పుడో చచ్చి మట్టిలో కలిసినవాళ్లు కనక ఆయనకు మాట అంత ధారాళంగా వచ్చేది.

గుడి తలుపు సముద్రం వైపు ఉంటుంది. చాపల మీద కూర్చున్న జనం ముఖాలు అయ్యగారి వైపు, వీపులు సముద్రం వైపు. అయ్యగారికి మాత్రం వాళ్ల తలల మీదుగా, తెరిచిన తలుపులోంచి, హార్బరులోకి వచ్చే దారీ అందులో వచ్చే పడవలూ స్పష్టంగా కనిపిస్తాయి. సంఘంలో సగం మంది పోర్టులో కలాసీలు, తక్కినవాళ్లు వేట మీద బతికేవాళ్లు. శనివారం వేటకు వెళ్లిన పడవలు ఆదివారం ఆరాధన వేళకు తిరిగి వస్తూ ఉంటాయి. వాటిలో తన సంఘం వాళ్ల పడవలేవో తెరచాపల అతుకులను బట్టి అయ్యగారు ఇట్టే పోల్చుకుంటారు.

అందుకని ఆ గుడిలో ఒక పద్ధతి పడిపోయింది. ప్రసంగం అయ్యాక మనవుల ప్రార్థన ఉంటుంది. "మమ్మల్ని ఏలేవారి కొరకు" అని అయ్యగారు ఆగుతారు. "రోగుల కొరకు" అని ఆగుతారు. ఆ తర్వాత సముద్రం మీద ఉన్నవారి కొరకు, చెరలో ఉన్నవారి కొరకు, చివర పంటల కొరకు, వానల కొరకు. ఆయన ఆగిన చోటల్లా ఎవరివాళ్ల పేర్లు వాళ్లు పైకి చెప్పుకుంటారు. అయితే పడవలన్నీ వచ్చేసిన రోజున ఆయన సముద్రం మాట ఎత్తరు, దాటేసి ముందుకు పోతారు. కొంగు కప్పుకుని తల వంచుకున్న ఆడవాళ్లకు అదే కబురు. మొగుడో కొడుకో ఒడ్డు చేరాడని తెలిసి వరసంతా "స్తోత్రం" అంటుంది. ఇంతకు ముందున్న అయ్యగారి కాలం నుంచీ ఇదే ఆచారం. ఆ గుడిలో ఒక మాట వదిలేశారంటే ఆ కష్టం గట్టెక్కినట్టే. అది విని సంతోషంగా ఇంటికి పోయి పొయ్యి రాజేసుకున్నవాళ్లే గానీ, నిజమో కాదో అని వెనక్కి తిరిగి చూసినవాళ్లు ఎవరూ లేరు.

చెర మాట అవసరం ఆ సంఘానికి చాలా ఏళ్లుగా పడలేదు. ఎమర్జెన్సీ వచ్చాక పడింది. కొత్త రోడ్డు కోసం కొండ కింది గుడిసెలు తీసేస్తారని పుకారు పుట్టినప్పుడు, జోగమ్మ కొడుకు దాలయ్య డాక్‌యార్డు గేటు దగ్గర నిలబడి "మా ఇళ్లు ఎక్కడికి పొమ్మంటారు?" అని నలుగురిలో గట్టిగా అడిగాడు. మర్నాడే పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. ఏ కేసో ఎవరూ చెప్పలేదు, ఎప్పుడు వదులుతారో అంతకన్నా చెప్పలేదు. జోగమ్మది చేపల గంప. తెల్లారి రేవులో వేలం పాట పాడి చేపలు కొని, మద్దిలపాలెం దాకా నడిచి అమ్ముకొస్తుంది. కొడుకు జైల్లో పడ్డాక వాళ్ల వీధిలోనే కొందరు ఆమె ఇంటి ముందు నుంచి పోవడం మానేశారు.

ఆ వారం నుంచి అయ్యగారు చెర మాట మళ్లీ చదవడం మొదలెట్టారు. ఆయన ఆగగానే జోగమ్మ గొంతు ఒక్కటే లేచేది. "నా కొడుకు దాలయ్య, తండ్రీ." అంతే, ఇంకొక్క మాట ఉండేది కాదు. ఆ రోజుల్లో అదీ సాహసమే. నలుగురూ గోడలకు చెవులున్నాయని మెల్లగా మాట్లాడుకుంటున్న కాలంలో తన గుడిలో ఆ పేరు పలుకుతున్నందుకు అయ్యగారు లోలోపల కాస్త గర్వపడ్డారు కూడా.

డిసెంబరులో రోడ్డు సంగతి తేలింది, గుడి మీదుగానే పోతుందట. గుర్తులు పెట్టే మనుషులు వచ్చి గుడి మెట్ల పక్కనే రాయి పాతి పోయారు. సంఘం కార్యదర్శి శ్రీరామ్మూర్తి పోర్టు ఆఫీసులో గుమాస్తా. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, పెద్దవాళ్లతో పరిచయాలున్నవాడు. అధికార పార్టీ నాయకుడు భీమశంకరరావు చుట్టూ తిరిగి తిరిగి, రోడ్డు కాస్త పక్కకు జరిపిస్తానని మాట పుచ్చుకొచ్చాడు. ఆ మాట భీమశంకరరావు స్వయంగా గుడికి వచ్చి, ఆదివారం ఆరాధనలో అందరి ముందూ చెబుతాడట.

శనివారం సాయంత్రం జోగమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుని అయ్యగారి ఇంటి అరుగు దగ్గరికి వచ్చింది. శ్రీరామ్మూర్తి అప్పటికే అక్కడ కూర్చుని కుర్చీ ఎక్కడ వెయ్యాలో, దండ ఎవరు వెయ్యాలో మాట్లాడుతున్నాడు.

"అయ్యగారూ, ఆ బాబు రేపు మీ పక్కనే కూకుంతాడంట కదా. ఆయన ఒక్క మాట సెప్తే మావోడ్ని ఒగ్గేత్తారని అందరూ అంతన్నారు. పీటం మీద నుంచి ఆయన కేసి తిరిగి అడగండి బాబూ. మీరడిగితే కాదననేడు."

అయ్యగారు తల అడ్డంగా ఊపారు. "పీఠం దేవుడి మాట చెప్పడానికి జోగమ్మా. నాయకులతో మాట్లాడడానికి కాదు. ఇవాళ ఒకరిని అడిగితే రేపు ఇంకొకరు ఓట్ల కోసం అడగమంటారు. గుడి గుడిలా ఉండదు."

ఆ మాటలో తప్పేమీ లేదు. ఆయన నిజంగానే అలా నమ్మేవారు. జోగమ్మ గంప మరో చంకకు మార్చుకుంది.

"సరే, అడక్కండి. ఎప్పుడూ సదివినట్టే ఆ సెర మాట సదవండి సాలు. నాను పేరు సెప్పుకుంతాను. ఆయన సెవులున్న మనిసే కదా, ఇంతాడు."

"చదువుతాను," అన్నారు అయ్యగారు. "నేను ఎప్పుడైనా మానానా?"

జోగమ్మ దండం పెట్టి మెట్లు దిగిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా ఆగి శ్రీరామ్మూర్తి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఆ మాట ఈ ఒక్క వారం వద్దండి. ఆయన మనకి మేలు చేయడానికి వస్తుంటే జైలు మాట ఎత్తితే, పనిగట్టుకుని పిలిచి అవమానించారనుకుంటాడు. గుడే పోయాక తమరు ఏ మాట ఎక్కడ చదువుతారండీ?"

అయ్యగారు సమాధానం చెప్పలేదు. తనకు కావలసిన సమాధానం అదేనని శ్రీరామ్మూర్తి అనుకున్నాడు, నిశ్చింతగా లేచి వెళ్లిపోయాడు.

ఆదివారం గుడి కిటకిటలాడింది. భీమశంకరరావు చలవ చేసిన తెల్ల లాల్చీలో, వెనక నలుగురితో వచ్చి, పీఠం పక్కన వేసిన చేతుల కుర్చీలో కూర్చున్నాడు. బంతిపూల దండ మెడలోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మనిషి మర్యాదస్తుడే. పిల్లలు పాట పాడినప్పుడు తాళం కూడా వేశాడు. ఆడవాళ్ల వరసలో ముందుగా జోగమ్మ కూర్చుంది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, తడి జుట్టు ముడి వేసుకుని వచ్చింది. ఆమె కళ్లు నాయకుడి మీద లేవు, అయ్యగారి మీద ఉన్నాయి.

ప్రసంగం ముగిసింది. మనవుల ప్రార్థన వచ్చింది. "మమ్మల్ని ఏలేవారి కొరకు" అని అయ్యగారు మొదలెట్టారు గానీ, ఎప్పటిలా అక్కడ ఆగలేదు. పక్కన కూర్చున్న పెద్దమనిషి పేరు చెప్పారు. ఆయన దయ గురించి చెప్పారు. ఆయన దూరదృష్టి గురించి, పేదల మీద ఆయనకున్న జాలి గురించి, ఆయన ఆయురారోగ్యాల గురించి చెప్పారు. నాయకులతో మాట్లాడడానికి కాదన్న పీఠం మీద నుంచి, దేవుడి పేరు పెట్టి, అచ్చంగా ఆ నాయకుడితోనే మాట్లాడారు. గొంతు ఎక్కడా తడబడలేదు. అంత బాగా పలుకుతుంటే మధ్యలో ఆపడం ఆయనకూ చేతకాలేదు.

తర్వాత రోగుల కొరకు అన్నారు, ఆగారు. పేర్లు వినిపించాయి. ఆయన కళ్లెత్తి తలుపులోంచి చూశారు. ఆఖరి పడవ, ఎర్ర గుడ్డ అతుకున్నది, హార్బరులోకి తిరుగుతోంది. సముద్రం మాట వదిలేశారు. "స్తోత్రం" అంది ఆడవాళ్ల వరస.

ఇక చెర మాట. జోగమ్మ తల వంచుకుని, పేరు పెదాల మీద పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఆ సంగతి అయ్యగారికి కనిపిస్తూనే ఉంది. పక్కన కుర్చీ కిర్రుమంది. భీమశంకరరావు కాలు మార్చి కాలు వేసుకున్నాడు, అంతకన్నా ఏమీ జరగలేదు. కానీ ఆ చప్పుడుకే అయ్యగారి చూపు జోగమ్మ మీద నుంచి పక్కకు తిరిగింది. మెట్ల పక్కన పాతిన రాయి గుర్తొచ్చింది, ఆ వెంటనే దాలయ్యను ఎక్కించుకుపోయిన జీపు గుర్తొచ్చింది.

"పంటల కొరకు, వానల కొరకు..." అన్నారాయన.

అప్పుడు "ఓలమ్మా!" అని ఒక కేక. జోగమ్మ రెండు చేతులూ నేలకు ఆనించి వంగిపోయింది. "స్తోత్రం! నా తండ్రీ, స్తోత్రం!" ఆమె వెనక పక్కింటి అప్పాయమ్మ అంది, ఆ వెనక ఇంకెవరో అన్నారు, చూస్తుండగానే ఆడవాళ్ల వరసంతా, మగవాళ్లలో సగం మందీ అదే మాట అందుకున్నారు. ఇన్నాళ్లుగా జోగమ్మ గుమ్మం తొక్కనివాళ్లు కూడా ఆమె వీపు మీద చెయ్యి వేశారు. పొంగుతున్న ఆ చప్పుడంతా తన కోసమే అనుకుని భీమశంకరరావు చేతులు జోడించి అటూ ఇటూ తిరిగాడు.

అయ్యగారికి అప్పుడు అర్థమైంది. చదువుతానని మాటిచ్చిన మనిషి చదవలేదు. ఆ గుడిలో చదవకపోవడానికి ఒకటే అర్థం. నాయకుడు వట్టి చేతులతో రాలేదని, దాలయ్యను విడిపించే కబురు తెచ్చాడని జోగమ్మ అనుకుంది. ఆమె ఒక్కతే కాదు, అందరూ అనుకున్నారు. ఆ ఒక్క క్షణంలో "కాదు, ఆగండి" అంటే సరిపోయేది. ఎప్పుడూ అడగకుండానే వచ్చే గొంతు అప్పుడు రాలేదు. ఆయన గబగబా దీవెన చెప్పేసి ముగించారు.

రోడ్డు పక్కకు జరుగుతుందని భీమశంకరరావు ప్రకటించినప్పుడు చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో జోగమ్మ లేదు. దీవెన కాగానే కొంగు బిగించుకుని మెట్లు దిగి పరిగెత్తిందని ఎవరో నవ్వుతూ చెప్పారు.

నాయకుడికి భోజనం అయ్యగారి ఇంట్లోనే. అయ్యగారి భార్య నాగమణి కోడికూర వడ్డించడానికి వస్తూ వంటింటి గుమ్మంలో ఆయన్ని ఆపింది. "దాలయ్యని వదిలేశారటగా! నాతో మాట వరసకైనా అనలేదేం మీరు?" అంది సంతోషంగా. ఆమె ముఖంలోకి చూడలేక అయ్యగారు నీళ్ల చెంబు అందుకుని వెళ్లిపోయారు.

పంక్తిలో కూర్చున్నాక ఒకసారి ప్రయత్నించారు. పీఠం మీద కాకపోతే పోయె, పళ్లెం ముందైనా అడగవచ్చు కదా అనుకున్నారు. "మా సంఘంలో ఒక కుర్రాడండీ, జైల్లో..."

"అవన్నీ ఇప్పుడెందుకు లెండి పాస్టరుగారూ," అన్నాడు భీమశంకరరావు, కూరలోంచి ముక్క ఏరుకుంటూ. "ప్రార్థన మాత్రం బ్రహ్మాండంగా చేశారు. మీలాంటివాళ్లుంటే మాకు కొండంత బలం."

అయ్యగారు నవ్వారు. ఎందుకు నవ్వారో ఆయనకే తెలియలేదు. ఆ నవ్వు తలుచుకుని చాలా కాలం సిగ్గుపడ్డారు.

కారు వెళ్లిపోయిన తర్వాత ఆయన ఒక్కరే కొండ దిగారు. జోగమ్మ ఇల్లు దూరం నుంచే తెలిసింది. వాకిట్లో పేడనీళ్లు చల్లి ఉన్నాయి. తాడు మీద దాలయ్య చొక్కా, నీలిమందు పెట్టి ఉతికింది, ఇంకా నీళ్లు ఓడుతోంది. పొరుగింటివాళ్లు ఇచ్చిన బల్ల ఒకటి చూరు కింద వేసి ఉంది. లోపల చేపలు వేగుతున్న వాసన. పొద్దున రేవులో కొన్న మంచి చందువా చేపలు అమ్మకుండా ఆపేసుకుంది కాబోలు. అప్పాయమ్మ గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. వీధిలో పది మంది పోగై ఉన్నారు. అయ్యగారిని చూసి అందరూ లేచి నిలబడ్డారు.

జోగమ్మ అట్లకాడతోనే బయటికి వచ్చింది. "ఎన్ని గంటలకొత్తాడయ్యగారూ? ఆల్లే దింపుతారా, మనమెల్లాలా? మా బావ రిక్షా కడతానంతన్నాడు."

"రాడు జోగమ్మా."

"రేపొత్తాడేటి?"

"వాళ్లు వదల్లేదు."

ఆమెకు అర్థం కాలేదు. తప్పు తనదే అయినట్టు నెమ్మదిగా వివరించబోయింది. "మీరు సదవనేదు కదయ్యగారూ. ఇన్నాను నాను. సెర మాట ఒగ్గేసినారు. అందరూ ఇన్నారు."

"చదవలేదు."

"మరి ఎందుకు ఒగ్గేసినారు?"

వచ్చే దారిలో అయ్యగారు చాలా సమాధానాలు కూర్చుకున్నారు. గుడి నిలబడాలన్నది ఒకటి, సమయం చూసి మాట్లాడాలన్నది ఇంకొకటి, పీఠం గౌరవం మరొకటి. అన్నీ ప్రసంగానికి పనికొచ్చేవే. తాడు మీద చొక్కా కారుతూ ఉండగా వాటిలో ఒక్కటీ నోట రాలేదు.

"ఆయన పక్కనున్నాడని భయపడ్డాను," అన్నారు.

అప్పాయమ్మ కత్తిపీట పక్కకు పెట్టేసింది. జోగమ్మ ఆయన కేసి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే అయ్యగారికి ఎంతో తేలికగా ఉండేది. ఆమె లోపలికి వెళ్లింది. మాడిపోతున్న చేపను తిరగేసిన చప్పుడు వినిపించింది. మళ్లీ గుమ్మంలోకి వచ్చి, గొంతు తగ్గించి అంది.

"ఈదంతా సెప్పేసినాను బాబూ. ఇప్పుడు ఈల్లందరికీ నానేటి సెప్పను?"

"నేను చెబుతాను."

"ఒద్దు. మీకు సిన్నతనం." ఆమె చొక్కా తాడు మీద నుంచి తీసి, పిండి, మడత పెట్టింది. "కూకోండి. మా గుమ్మంలోకొచ్చి తినకండా ఎల్తారేటి."

దాలయ్య కోసం తీసిన పళ్లెంలో అన్నం పెట్టి, చేప వేసి, బల్ల మీద ఆయన ముందు ఉంచింది. అయ్యగారు ఏ ఇంట్లో తిన్నా ముందు ప్రార్థన చెయ్యడం మామూలు. జనం తలలు వంచారు. ఆయన కళ్లు మూసుకుని నోరు తెరిచారు. కింద వీధిలో కూలీలను ఆపే ఆ గొంతు ఒక్క ముక్క కూడా పలకలేదు. పళ్లెం ముందు వంగి కూర్చుని ఉండిపోయారు, సిగ్గుతో ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

"తినండి," అంది జోగమ్మ ఆఖరికి. "సల్లారిపోతాది."

ఆయన తిన్నారు. అందరూ చూస్తుండగా, ముళ్లు ఏరుకుంటూ, జైల్లో ఉన్నవాడి అన్నం తిన్నారు.

దాలయ్య రావడం మార్చి తర్వాతి మాట. ఎమర్జెన్సీ పోయాక తక్కినవాళ్లందరితో పాటు అతన్నీ వదిలారు. అందులో అయ్యగారి ప్రమేయం ఏమీ లేదు. రోడ్డు పక్కకు జరిగింది, కొన్ని గుడిసెలు పోయాయి, గుడి మాత్రం అలాగే నిలబడింది.

నాయకుడు వచ్చి వెళ్లిన మరుసటి ఆదివారం పీఠం పక్కన కుర్చీ లేదు. మనవుల ప్రార్థనలో అయ్యగారు అన్నిటికన్నా ముందు చెర మాట చదివారు. ఆగకుండా తనే పేరు కూడా చెప్పారు. "దాలయ్య కొరకు" అని గుడి దద్దరిల్లేలా అన్నారు. వినవలసినవాడు లేనప్పుడు గొంతు ఎంత బాగా వచ్చిందో ఆయనకే అసహ్యం వేసింది. జోగమ్మ తన చోటే కూర్చుని ఉంది. కొంగు కప్పుకుంది, తల వంచుకుంది, కానీ ఆయనతో పాటు పేరు పలకలేదు.

ఏలేవారి కొరకు అన్నారు, రోగుల కొరకు అన్నారు. కళ్లెత్తి తలుపులోంచి చూశారు. సంఘం వాళ్ల పడవలన్నీ వచ్చేశాయి. ఎర్ర అతుకు తెరచాప దించేసి చుట్టేస్తున్నారు కూడా. ఆయన సముద్రం మాట వదిలేసి, "స్తోత్రం" కోసం ఒక్క క్షణం ఆగారు.

ఎవరూ అనలేదు. ముందు అప్పాయమ్మ తలెత్తి వెనక్కి తిరిగింది. ఆమె వెనక ఇంకొకావిడ తిరిగింది. తర్వాత ఆ వరసలో ఉన్న ఆడవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు అయ్యగారికి వీపులు పెట్టి, మెడలు సాచి, తలుపులోంచి తమ పడవలు నిజంగా వచ్చాయో లేదో చూసుకున్నారు.